కంటి యెదుటి మసక



2020 డిసెంబరునుండి మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటరు ఆటను వి.ఆర్. హెడ్‌సెట్ ధరించి ఆడుటకు వీలైనది. ఆత్మకూరులో నింట గూర్చుండియే నల్లమలపై నెగురవచ్చును. కాని యెత్తు దెలుపు అంకెలు మసకబారినచో కొండ తగులుట నిశ్చయము.

చక్కని కన్ను ఒక్క డిగ్రీ కోణములో సుమారు 60 చుక్కలను వేరుపరచగలదు. 2023లో వచ్చిన క్వెస్ట్ 3 చూపునవి 25 మాత్రమే. అట్లని వెంటనే ఖరీదైన యంత్రమును గొనబోకుడు. ముందు కనుపాపల నడుమ దూరమునకు సరిగా కటకములను జరుపవలెను. అన్నకు గుదిరినది తమ్మునికి గుదరదు. పట్టీ కొంచెము జారినను అక్షరములు చెదరును.

కటకములను మెత్తని పొడిగుడ్డతోనే తుడువుడు. మన యెండ సంగతి చెప్పవలెనా! కటకములపై నెండ పడినచో కిరణములు కేంద్రీకృతమై తెరను గాల్చును. ఆ మచ్చ మరి పోదు.

పిదప ఆటలో చిత్రపు సూక్ష్మతను కొద్దికొద్దిగా హెచ్చింపుడు. మితిమీరినచో దృశ్యము కుదుపులతో సాగి తల తిరుగును. అప్పటికిని అంకె చదువరాకున్న, తలను మీటరు దగ్గరకు వంచి చూడుడు. అందులో చిన్నతన మేమియు లేదు.