రిజిస్టర్‌లో లేని ప్రశ్న

(వీరపునాయునిపల్లెలో చేసిన స్మారకోపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించినది)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుపుకుంటున్నామో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఇక్కడ తక్కువ. వీరపునాయునిపల్లె నుంచి అనిమెల దాకా, పాపాఘ్ని ఒడ్డునున్న పల్లెల్లో ఆమె అందరికీ నర్సమ్మే. సబ్ సెంటర్లో ఏఎన్ఎంగా చేరి, ఆ ఉద్యోగంలోనే రిటైరయింది. స్త్రీల హక్కులు, ఆరోగ్యం, ప్రజాస్వామ్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఒక్కొక్కటీ ఒక్కో సభకు సరిపడే విషయం. అయినా నర్సమ్మ పనిని దగ్గర పెట్టుకుని చూసినకొద్దీ నాకు ఈ మూడింటినీ విడదీయడం చేతకాలేదు. ఎందుకో చెబుతాను.

ఆమె సంచిలో ఎప్పుడూ ఉండే పుస్తకాల్లో ఒకటి అర్హులైన దంపతుల రిజిస్టర్. ఇల్లిల్లూ తిరిగి దాన్ని నింపాలి. ఇంటి నంబరు, భార్య పేరు, భర్త పేరు, ఇద్దరి వయసు, బతికున్న మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు, చివరి బిడ్డకు ఎన్నేళ్లు, ఏ పద్ధతి వాడుతున్నారు. అన్నింటికీ గడులున్నాయి. ఆ మనిషికి ఏం కావాలో రాసే గడి మాత్రం లేదు. నర్సమ్మ ఆ లోటును నోటితో పూడ్చేది. అత్త పక్కకు వెళ్లేదాకా కాచుకుని కూర్చుని, కోడలిని మెల్లగా అడిగేది: "నీకేమనిపిస్తాంది మా?" చాలామందికి జవాబు వచ్చేది కాదట. "ఇంతవరకు నన్నెవురడిగినారు?" అనేవాళ్లట.

ఆడమనిషిని ఆమె ఒంటి గురించి ఎవరు అడిగారు, ఎవరు అడగలేదు అన్నదే ఈ పూట నేను చెప్పదలుచుకున్న చరిత్ర. దాన్ని నూరేళ్ల వెనక నుంచి మొదలుపెడతాను.

అప్పటికి మన కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. కాన్పులన్నీ మంత్రసాని చేతుల మీదే. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంబెల్ ఆసుపత్రికి బండి కట్టుకుని వెళ్లగలిగినవాళ్లు కొందరే. 1921లో ఆ ప్రెసిడెన్సీ స్త్రీలకు ఓటు ఇచ్చింది. అదీ ఆస్తో పన్నో ఉన్నవాళ్లకు మాత్రమే. అలా తలుపు కొంచెం తెరుచుకున్నాక 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ ముత్తులక్ష్మీ రెడ్డి. ఆమె డాక్టరు. ముప్పై ఏళ్ల తర్వాత, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచిన కొమర్రాజు అచ్చమాంబ కూడా డాక్టరే. కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు. గర్భిణులకు, బాలింతలకు తెలుగులో అర్థమయ్యేలా "ప్రసూతి - శిశుపోషణ" రాసిన మనిషి. ఇది కాకతాళీయమని నేను అనుకోను. కాన్పు గదిలో ఆడవాళ్ల చావులు కళ్లారా చూసినవాళ్లకు చట్టం చేసే చోటు ఎంత అవసరమో ముందుగా తెలుస్తుంది.

స్వతంత్రం వచ్చాక ఓటు అందరిదీ అయింది. 1952లో ప్రపంచంలోనే మొదటిసారిగా మన దేశం కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమం చేసింది. ఎక్కువ కాన్పులతో నలిగిపోయిన ఆడవాళ్లకు అది నిజంగా అవసరమైనదే. ఇక్కడున్న అవ్వల్లో ఎనిమిది, తొమ్మిది పురుళ్లు మోసినవాళ్లు ఉన్నారు, వాళ్లను అడగండి. అయితే కార్యక్రమం టార్గెట్‌గా మారింది. ఎమర్జెన్సీలో మగవాళ్లను పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారు. 1977లో జనం ఓటుతో జవాబిచ్చారు. ఆ ఓటమి తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాడి జోలికి గట్టిగా పోలేదు. భారమంతా ఆడవాళ్ల మీదకు జరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి 69.6 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు. భర్త ఆపరేషన్ చేయించుకున్న ఇళ్లు నూటికి 0.4. ఆ ఆడవాళ్లలో చాలామందికి ఆపరేషన్ నాటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మగవాళ్లకు చేసే ఆపరేషన్ చిన్నది, ప్రమాదం తక్కువ అని ప్రతి డాక్టరుకూ తెలుసు. మగవాడి కోపానికి ఓటు విలువ ఉందని తేలింది కాబట్టి అతన్ని వదిలేశారు. ఆడవాళ్ల ఓపికను ఒప్పుదల కింద జమకట్టారు.

ఆడవాళ్లకు ఈ ఆపరేషన్లు చేసిన క్యాంపులు ఎలా ఉండేవో నేను వర్ణించనక్కర్లేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టరు కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాక, అక్కడి క్యాంపుల్లో 13 మంది తల్లులు చనిపోయాకగానీ దేశం ఉలిక్కిపడలేదు. మూడేళ్లలో ఇలాంటి క్యాంపులు ఎత్తివేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

మళ్లీ మన తెలుగు నేలకు వస్తాను. 1985లో రెండు సంగతులు జరిగాయి. ఆ ఏడాది సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని మార్చి, కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయిపోయినవాళ్లకు అది దక్కలేదు. దేశమంతటికీ అలాంటి చట్టం రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. మనం గర్వపడవలసిన సంగతి అది. అదే ఏడాది మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే ఇంజెక్షన్‌ను స్త్రీల మీద పరీక్షించడానికి సిద్ధమయ్యారు. రెండు నెలలకొకసారి వేస్తే గర్భం రాదు. ఆ సూది ఇంకా పరీక్షలో ఉందని అక్కడికొచ్చిన ఆడవాళ్లకు తెలియదు. ముట్టు తప్పిపోవచ్చనీ, ఆగకుండా రక్తం పోవచ్చనీ తెలియదు. పిల్లలు పుట్టకుండా కొత్త సూది వచ్చింది, ఆపరేషన్ బాధ లేదు అన్నంత వరకే వాళ్లకు అందింది.

హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సభ్యులు అక్కడికి వెళ్లారు. వాళ్లు చేసింది చాలా చిన్న పని. వచ్చిన ఆడవాళ్లతో కూర్చుని, ఇది ఏమిటో, ఏం జరగవచ్చో మామూలు తెలుగులో చెప్పారు. విన్నాక చాలామంది లేచి ఇళ్లకు వెళ్లిపోయారు. చదువురాని పల్లెటూరి ఆడవాళ్లకు ఇవన్నీ చెబితే అర్థం కావు అని వాదించేవాళ్లకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు తేలేసరికి 2000 సంవత్సరం వచ్చింది. కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఆ సూదిని మూకుమ్మడిగా వాడడం మంచిది కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది.

స్త్రీశక్తి సంఘటనలో పనిచేసినవాళ్లు అక్కడితో ఆగలేదు. ఆడవాళ్లు డాక్టరు ముందు కూర్చుని అడగలేకపోతున్న సంగతులన్నీ పోగుచేసి 1991లో "సవాలక్ష సందేహాలు" అనే పుస్తకం తెచ్చారు. తెల్లబట్ట ఎందుకవుతుంది, ముట్టు ఎందుకు తప్పుతుంది, ఏ మందు దేనికి, డాక్టరును ఏం అడగాలి. ఆ రోజుల్లో ఇవి తెలుగులో అచ్చుకావడమే గొప్ప. నర్సమ్మ దగ్గర దాని ప్రతి ఒకటి ఉండేది. అట్ట ఊడిపోయి, సిమెంటు సంచి కాగితంతో కుట్టి ఉండేది. ఎవరికైనా ఇస్తే తిరిగి అడిగి తెచ్చుకునేది, ఇంకొకరికి ఇవ్వాలి కాబట్టి.

ఆ మరుసటి ఏడే పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం చదువుల్లో సారా గురించి ఉన్న పాఠం చదివి, ఆ పాఠం తమదేనని గుర్తుపట్టారు. ఉద్యమం రాయలసీమకూ వ్యాపించింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. దీన్ని అందరూ మద్యం కథగా చెబుతారు. నా మటుకు అది ఆరోగ్య ఉద్యమం కూడా. దెబ్బలు తిన్న ఒళ్లు, సగం కూలి పోయి ఖాళీ అయిన చట్టి, రక్తం చాలని బిడ్డ, అన్నీ అందులో ఉన్నాయి.

ఇప్పుడు ప్రజాస్వామ్యం సంగతి సూటిగా మాట్లాడుకుందాం. 1994 పంచాయతీరాజ్ చట్టం మూడో వంతు సీట్లు స్త్రీలకు కేటాయించింది. 2011లో అది సగమైంది. అదే 1994 చట్టంలో 19వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ఇంకో మాట చెప్పింది: ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులు. చట్టం అమల్లోకి వచ్చాక ఏడాది లోపు పుట్టిన బిడ్డలకు మాత్రం మినహాయింపు. ఒకే చట్టం ఒక చేత్తో కుర్చీ చూపించి, ఇంకో చేత్తో కడుపు లెక్క అడిగింది. మూడో బిడ్డ కనాలా వద్దా అని తేల్చుకునే అధికారం ఈ పల్లెల్లో ఎంతమంది కోడళ్లకు ఉండింది? కొడుకు పుట్టేదాకా కనమని అత్తింటివాళ్లు అంటే, కన్నందుకు పోటీకి పనికిరావని చట్టం అంది. పరిశోధకురాలు నిర్మలా బుచ్ గారి బృందం మన రాష్ట్రంతో కలిపి అయిదు రాష్ట్రాల్లో తిరిగి దీని ఫలితాలు రాసింది. భార్యను వదిలేసినవాళ్లు, గర్భం తీయించినవాళ్లు, కన్నబిడ్డను తమ బిడ్డ కాదన్నవాళ్లు, దత్తత ఇచ్చేసినవాళ్లు కనిపించారు. పదవి కోసం మగవాడు వేసిన ఎత్తుకు మూల్యం ఆడమనిషి ఒంటితో చెల్లించింది.

ముప్పై ఏళ్లు ఆ నిబంధన అమలైంది. 2024 నవంబరులో శాసనసభ దాన్ని తీసేసింది. సంతోషమే. అయితే తీసేయడానికి చెప్పిన కారణం వినండి. పిల్లలు తగ్గిపోతున్నారట. రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటు కాన్పులు 1.7కు దిగాయి, ముసలివాళ్లు పెరుగుతున్నారు కాబట్టి ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఆ భయంలో నిజం లేదని నేను అనడం లేదు. ఇద్దరితో ఆపమన్నప్పుడు అడగనివాళ్లు ముగ్గురిని కనమన్నప్పుడూ అడగలేదు, నా బాధంతా అదే. 2019-21 సర్వేలో మన రాష్ట్ర స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు నూటికి 29.3. ముందు వాళ్ల ఒంటికి రక్తం పట్టాలి. కంటే కూలి పోదని, బిడ్డను చూసుకునే చోటు ఉందని భరోసా ఉంటే కనేది కననిది వాళ్లే చెబుతారు.

ఇలా అడగకుండా చేసినవాటిలో ఇంకో రెండు సంగతులు చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా వేశారు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. టీకా మంచిదేనని నేనూ నమ్ముతాను, నా మనవరాలికి వేయిస్తాను. అయినా అంగీకార పత్రాల సంగతి మరిచిపోకూడదు. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. 1,948 మీద వేలిముద్రలున్నాయి. తల్లిదండ్రులను అడిగి ఉంటే వాళ్లలో చాలామంది ఒప్పుకునేవాళ్లేమో. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

రెండోది మన ఇళ్లలోనే ఉంది. గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని నేను అడగను. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 3.2 మందికి ఆ ఆపరేషన్ అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. చాలామందికి తెల్లబట్ట, నడుము నొప్పి, ముట్టులో రక్తం ఎక్కువ పోవడం. వీటిలో చాలావాటికి మందులున్నాయి. "పిల్లలు పుట్టేశారు గదా, ఇంకా దాంతో ఏం పని? పెట్టుకుంటే క్యాన్సరవుతుంది" అన్న ఒక్క మాటతో అప్పుచేసి ఆపరేషన్ బల్లెక్కినవాళ్లు ఎందరో. నలభై రాకుండానే ఎముకలు గుల్లబారి, కళ్లాల్లో వంగలేక కూర్చుండిపోయినవాళ్లను నర్సమ్మ నాకు చూపించింది. అవసరం లేని ఈ ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ మార్గదర్శకాలు అమలు చేయమని చెప్పింది. ఆ ఆదేశం ఇక్కడ ఎంతమంది చెవిన పడింది?

కోర్టు కాగితం దానంతటది పల్లెకు నడిచి రాదు. రప్పించే చోటు గ్రామసభ. మన పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవి. చాలా చోట్ల కుర్చీలో భార్య, మాట భర్తది. అయినా ఆ కుర్చీ చట్టప్రకారం ఆమెదే. అందుకని నేను వేదాంతం చెప్పను, పని చెబుతాను. వచ్చే గ్రామసభలో ఎజెండా రోడ్లు, వీధి దీపాలతో ముగిసిపోనివ్వకండి. గర్భసంచి తీయాలని ఎవరికైనా రాసిచ్చినప్పుడు, డబ్బు కట్టేముందు కడప ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరు చూసేలా ఆశా కార్యకర్త వెంట వెళ్లాలని తీర్మానం పెట్టించండి. ఆ రోజు ఆ కార్యకర్త కూలి ఎవరిస్తారో కూడా అందులోనే రాయించండి, ఆశా అక్కలది ఊరికే వచ్చే కాలం కాదు. సబ్ సెంటరుకు ఐరన్ మాత్రలు వచ్చాయా లేదా అని చదివి చెప్పమని అడగండి. సమాధానం రాకపోతే రాలేదనే రాయించండి. చివరికి తీర్మానాల పుస్తకం సంతకాలకు చేతులు మారేటప్పుడు, వేలిముద్ర వేసేముందు అందులో ఏముందో గట్టిగా చదివి వినిపించమనండి. చదివేదాకా ఎవరూ లేవొద్దు.