నేను రాస్తే నలుగురూ ఏమంటారో!



మా వంటింటి అలమరలో, పోపుల డబ్బా వెనకాల ఒక నోటుబుక్కు ఉండేది. అది పాల లెక్క కాదు, చాకలి పద్దూ కాదు. మధ్యాహ్నం పని తెమిలాక పోతనగారి భాగవతం చదువుకుని, నాకు తోచింది అందులో రాసుకునేదాన్ని. పదో తరగతితో చదువు ఆగినదాన్ని, దాన్ని వ్యాఖ్యానం అనే ధైర్యం ఎక్కడిది? మావారు అడిగితే 'పద్దులు' అనేసేదాన్ని.

అష్టమ స్కంధంలోని గజేంద్రమోక్షం మీకు తెలిసిందే. ఏనుగు మొర విని విష్ణువు లక్ష్మీదేవికి చెప్పకుండా, చేతిలో ఉన్న ఆవిడ కొంగైనా వదలకుండా బయలుదేరతాడు. పురాణం చెప్పేవారు ఆ స్వామి తొందరనే మెచ్చుకుంటారు. మరి వెనకాలే నడిచిన ఆ తల్లి మాటేమిటి? అడుగుదామని వడిగా నడవడం, అడిగినా చెప్పరులే అని వెనక్కి తగ్గడం, ఏ దిక్కులేని ఆడవాళ్ల ఏడుపు విన్నారో అనుకోవడం! మనలో ఎవరైనా అయితే గుమ్మంలోనే అలిగేవాళ్లం. ఏనుగుది బలమంతా ఉడిగాక కలిగిన శరణాగతి. ఎక్కడికో తెలియకుండానే నడిచిన అమ్మవారిదీ శరణాగతే కాదా అని ఎనిమిది పేజీలు రాశాను.

పక్కింటి పిన్నిగారు పట్టుబట్టి ఓ శనివారం గుళ్లో ఆడవాళ్ల సత్సంగంలో దాన్ని చదివించారు. రేడియోలో మాట్లాడేదాన్నే అయినా కాళ్లు వణికాయి. రేడియోలో ఎదుటివాళ్ల ముఖాలు కనబడవు కదా! చదవడం అయ్యాక ఒకావిడ, "ఏ గురువుగారి దగ్గర చదువుకున్నారండీ?" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మా వీధిలో రిటైరైన తెలుగు మాస్టారి దగ్గరికి వెళ్లాను. "అమ్మా, పోరాటం నూరేళ్లు కాదు, వేయేళ్లు. శాపాలు కూడా తారుమారు చేశారు. అగస్త్యుడి శాపం ఏనుగైన ఇంద్రద్యుమ్నుడికి, దేవలుడి శాపం మొసలైన హూహూకి" అని ఎర్ర సిరాతో దిద్దారు. సిగ్గేసింది గానీ, మనసు తేలికపడింది. తప్పు తప్పేగా!

"మరి అమ్మవారి సంగతండీ?" అన్నాను. కాసేపు ఊరుకుని, "నేనెప్పుడూ అటు ఆలోచించలేదమ్మా" అన్నారాయన.

గురువుగారెవరన్న ప్రశ్నను మాత్రం ఏ సిరాతో దిద్దుకోను? 18వ శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ, గురువు దగ్గర ఓనమాలైనా నేర్వలేదని చెప్పుకుంటూనే వేంకటాచల మాహాత్మ్యం రాసింది. ఆవిడతో నాకు పోలికా, లెంపలేసుకుంటాను! కానీ ఆవిణ్ణీ ఎవరో ఒకరు అలా అడిగే ఉంటారనిపించింది.

తర్వాత పిన్నిగారు ఆ పుస్తకం పట్టుకెళ్లారు. ఆవిడ కోడలికి, అక్కణ్ణించి ఇంకెవరికో వెళ్లింది. నెల తర్వాత తిరిగొచ్చేసరికి అట్టమీద పసుపు వేలిముద్రలు. లోపల అంచున పెన్సిలుతో, ఎవరి దస్తూరీయో: 'అమ్మవారు అడిగే ఉంటే, స్వామి ఆగేవాడా?'

దానికి జవాబు రాస్తున్నాను. ఇప్పటికి మూడు పేజీలయింది.