హెల్త్ సప్లిమెంట్ల ఆన్‌లైన్ వ్యాపారం

విటమిన్లు, ఖనిజాలు, మాంసకృత్తుల వంటివాటిని మాత్రలుగానో పొడులుగానో భోజనానికి తోడుగా అందించే హెల్త్ సప్లిమెంట్లు భారతదేశంలో ఔషధాలుగా కాక ఆహారంగానే పరిగణన పొందుతాయి కాబట్టి, వాటిని ఆన్‌లైన్‌లో అమ్మదలచినవారు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం, ఆహార నియంత్రణ సంస్థ అయిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నుంచి లైసెన్సు పొందాకే వ్యాపారం మొదలుపెట్టాలి. 14 అంకెల ఆ లైసెన్సు సంఖ్యతోపాటు, సరుకు మందుగా వాడదగినది కాదన్న హెచ్చరిక కూడా లేబులుపై ఉండాలి. వెబ్‌సైటు, చెల్లింపుల ఏర్పాటు నేడు సులువే; చిక్కంతా ప్రకటనల మాటలతోనే. మధుమేహాన్ని నయం చేస్తుందనో, కీళ్లనొప్పులను మాన్పుతుందనో రాస్తే, ఆ వాక్యం ఎంత అమ్మకం తెచ్చిపెట్టినా, అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. అందుకు చట్టంలోని 53వ సెక్షను కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.