వోచర్ లేని చరిత్ర

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా సిబ్బంది, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఏటా ఈ రోజున తెలుగు గొప్పతనం గురించి మాట్లాడుకుంటాం. అది ఇక్కడ నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మాత్రం తెలుగులో మనం చేయగలిగిన ఒక పని గురించి చెబుతాను. తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళ చరిత్రను ఆధారాలతో రాయడం. రెండేళ్ళుగా సెలవు రోజుల్లో ఈ పని నేర్చుకుంటున్నాను.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దవచ్చు. ఈ మాట చెప్పగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఎవరు పడితే వాళ్ళు రాసింది ఎలా నమ్ముతాం?"

బ్యాంకు కుటుంబాలకు దీని జవాబు కొత్తది కాదు. కౌంటర్‌లో కూర్చున్న మనిషి మంచివాడని మనం పుస్తకాలను నమ్మం. ఎంట్రీ వెనుక వోచర్ ఉందని నమ్ముతాం. ఒకరు వేసిన ఎంట్రీని ఇంకొకరు చూసి పాస్ చేస్తారని నమ్ముతాం. వికీపీడియాలోనూ అంతే. ప్రతి పేజీకీ "చరిత్ర" అనే ట్యాబ్ ఉంటుంది. ఏ మార్పు ఏ ఖాతా నుంచి ఏ నిమిషంలో జరిగిందో అక్కడ కనిపిస్తుంది. పక్కనే "చర్చ" పేజీ. అభిప్రాయ భేదాలు అక్కడ తేల్చుకోవాలి. అందరికీ సంబంధించిన సంగతులు మాట్లాడుకునే చోటుకు "రచ్చబండ" అని పేరు పెట్టుకున్నారు. ఆధారం లేని వాక్యం పక్కన "ఆధారం చూపాలి" అని ఒక గుర్తు పెడతారు. అది మన సస్పెన్స్ ఖాతా లాంటిది. అక్కడే ఏళ్ళ తరబడి పడి ఉంటే ఆడిటర్ ఊరుకోడు కదా, ఇక్కడా ఊరుకోరు. తీసేస్తారు.

పని ఎలా ఉంటుందో ఒక ఊరిని పట్టుకుని చెబుతాను. మచిలీపట్నం, మనందరి నోట్లో బందరు. ఇంగ్లీషువాళ్ళు 1611లో వర్తక స్థావరం పెట్టిన రేవు. 1902లో కృష్ణా పత్రిక పుట్టిన ఊరు. బ్యాంకు వాళ్ళకు మరీ దగ్గరి ఊరు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఆంధ్రా బ్యాంకు పెట్టింది అక్కడే.

ఆంధ్రా బ్యాంకు ఎప్పుడు పుట్టింది? ఒకచోట 1923 నవంబరు 20 అని ఉంటుంది, ఇంకోచోట నవంబరు 28 అని. ఒకరు వచ్చి మొదటిది రాస్తారు, ఇంకొకరు వచ్చి "తప్పు" అని రెండోది పెడతారు. నిజానికి రెండూ సరైనవే. 20న సంస్థ రిజిస్టర్ అయింది, 28న వ్యాపారం మొదలైంది. అంటే తేదీ పక్కన "ఆ రోజు ఏం జరిగింది" అన్నది రాస్తే తగువే ఉండదు. ఇది నేను మొదట నేర్చుకున్న పాఠం. రెండు ఆధారాలు పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తే, ముందు అవి ఒకే విషయం చెబుతున్నాయా అని చూడాలి.

అన్ని తగువులూ ఇంత సులువుగా తీరవు. మస్లిన్ బట్టకు ఆ పేరు మసూలిపట్నం నుంచే వచ్చిందని మనవాళ్ళు గర్వంగా చెబుతారు. దాదాపు 2,000 ఏళ్ళ కిందటి గ్రీకు నావికుల గ్రంథం "పెరిప్లస్" ఈ తీరాన్ని మసాలియా అని పేర్కొని, ఇక్కడ నూలు బట్టలు బాగా నేస్తారని చెప్పిన మాట వాస్తవం. కానీ ప్రామాణిక నిఘంటువులు మస్లిన్ అన్న మాటను ఇరాక్‌లోని మోసుల్ నగరంతో ముడిపెడతాయి. ఇప్పుడు ఏం చేయాలి? మన ఊరి మీద ప్రేమతో నిఘంటువును దాచేయకూడదు. స్థానికంగా ఇలా అంటారు, నిఘంటువులు ఇలా చెబుతున్నాయి అని రెండూ వాటి వాటి ఆధారాలతో పెట్టాలి. దీన్ని అక్కడ తటస్థ దృక్కోణం అంటారు. పాటించడం ఎంత కష్టమో సొంత ఊరి గురించి రాసేటప్పుడే తెలుస్తుంది.

ఇంకో ప్రమాదం గురించి చెబితే మన క్రెడిట్ విభాగం వాళ్ళు నవ్వుతారు. కైట్ ఫ్లయింగ్ తెలుసు కదా! రెండు ఖాతాలు, రెంటిలోనూ డబ్బు లేదు, ఒకదాని మీద ఇంకోదాని చెక్కు. చరిత్రలోనూ ఇది జరుగుతుంది. ఎవరో వికీపీడియాలో ఆధారం లేకుండా ఒక మాట రాస్తారు. ఒక పత్రికా విలేకరి అది చూసి వార్తలో వాడతాడు. ఆరు నెలల తర్వాత ఇంకెవరో ఆ వార్తనే తెచ్చి వికీపీడియాలో ఆధారంగా పెడతారు. చూడటానికి అంతా సక్రమం, లోపల మాత్రం ఖాళీ. అందుకే వార్త తేదీ, వ్యాసంలో ఆ వాక్యం చేరిన తేదీ పక్కపక్కన పెట్టి చూడాలి. "చరిత్ర" ట్యాబ్ ఉన్నది అందుకే.

సరే, ఊరి చరిత్రకు ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి? నేను వెతికే వరస చెబుతాను. జనాభా, విస్తీర్ణం వంటివి 2011 జనగణన పుస్తకాల్లో. మండలం, జిల్లా మార్పులు ప్రభుత్వ ఉత్తర్వుల్లో. గుడి గోడల మీది శాసనాలు "సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్" సంపుటాల్లో. పాత స్థానిక గాథలు కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల్లో. ఆ పనిలో ఆయనకు కుడిభుజాలు మన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్యలు. కైఫీయత్తులో ఉన్నదంతా చరిత్ర అని కాదు. "ఊరివాళ్ళు అప్పట్లో ఇలా చెప్పుకునేవారు" అనడానికి మాత్రం అది గట్టి ఆధారం. పాత ఆంధ్రపత్రిక సంచికలు, కాపీహక్కు తీరిన పుస్తకాలు స్కాన్ రూపంలో ఇంట్లో కూర్చునే చదవవచ్చు.

వెతికేటప్పుడు పాత పేర్లు, పాత ఎల్లలు తెలిసి ఉండాలి. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. కాబట్టి గుంటూరు వైపు ఊళ్ళ సంగతులు 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో విజయవాడను బెజవాడ అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ, కాకినాడను కోకనాడ అనీ వెతకాలి. ఇటీవలి మార్పులూ తక్కువేమీ కాదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. వందేళ్ళ తర్వాత మన మనవలు వెతికేటప్పుడు వాళ్ళకూ ఇదే చిక్కు. ఇప్పుడు మనం సరిగ్గా రాసి పెడితే వాళ్ళకు ఆ శ్రమ తప్పుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. బందరు 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30,000 మందిని పోగొట్టుకుంది. ఆ పక్కనే దివిసీమ 1977 నవంబరు 19న మునిగిపోయింది. 1977 మృతుల సంఖ్య సుమారు 10,000 అన్నది ప్రభుత్వ లెక్క. అంతకన్నా చాలా ఎక్కువ అన్నవాళ్ళూ ఉన్నారు. వ్యాసంలో ఏ సంఖ్య ఎవరు చెప్పారో వాళ్ళ పేరు మీదే రాస్తాం.

ఈ సంగతి మాట్లాడుకుంటుండగా మన దగ్గరే పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయనది ఆ సీమే. "ఏమయ్యా, ఆ లెక్కలో మా అక్క ఉందా? మా పాలెం పేరు ఎక్కడైనా ఉందా?" అన్నారు. వెతికాను. ఆ పాలెం పేరు నాకు దొరికిన పుస్తకాల్లో లేదు. రేవులకు, జమీందార్లకు, కలెక్టర్లకు కాగితం ఉంది. చేపలు పట్టే పాలేనికి, ఊరి చివరి వాడకు, ఇంట్లో ఆడవాళ్ళకు కాగితం తక్కువ. మన ఊరి వ్యాసాలు తెరిచి "ప్రముఖులు" అన్న భాగం చూడండి. అందులో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఆయన మాట నాకు వేదవాక్కే. అయినా అచ్చు కాని జ్ఞాపకాన్ని వికీపీడియాలో పెట్టడం కుదరదు. మౌలిక పరిశోధన అక్కడ నిషిద్ధం. ఆయనకు ఆ మాట చెప్పడం నాకు తేలిక కాలేదు. "అంటే మేం చచ్చిపోయినట్టు కూడా రుజువు కావాలా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు, ఒక పని మాత్రం ఉంది. ఇద్దరం కూర్చుని ఆయన చెప్పింది ఫోన్‌లో రికార్డు చేశాం. పాలెం పేరు, అప్పటి ఇళ్ళు, తిరిగి రాని వాళ్ళ పేర్లు ఆయన చేతిరాతతోనే రాయించాను. అది వికీపీడియాకు పనికిరాదు. కానీ రేపు ఒక పరిశోధకుడో విలేకరో దాన్ని తీసుకుని, పాత రికార్డులతో సరిచూసి ప్రచురిస్తే అప్పుడు పనికొస్తుంది. నియమం కఠినమైనదే. అది లేకపోతే గట్టిగా అరిచినవాడి మాటే చరిత్ర అవుతుంది. కాబట్టి నియమాన్ని సడలించమని అడగడం కన్నా, కాగితం లేనివాళ్ళకు కాగితం పుట్టించడం మన పని అనుకుంటున్నాను.

మన ఉద్యోగానికి సంబంధించి రెండు జాగ్రత్తలు. పాత లెడ్జర్లలో, రుణ దస్త్రాల్లో ఊరి చరిత్ర ఎంత ఉన్నా అది ఖాతాదారుల రహస్యం. దాన్ని ముట్టుకోకూడదు. రెండోది, మన బ్యాంకు గురించిన వ్యాసంలో మనమే పొగడ్తలు చేర్చకూడదు. ఏదైనా పొరపాటు కనిపిస్తే, మనం ఈ బ్యాంకు ఉద్యోగులమని చెప్పి, చర్చ పేజీలో ఆధారం చూపించి, దిద్దమని ఇతరులను అడగాలి. సొంత రుణాన్ని తానే మంజూరు చేసుకోకూడదన్న సూత్రమే ఇది.

పిల్లలకు, గృహిణులకు, రిటైరైన పెద్దలకు ఒక మాట. కంప్యూటర్ విద్య పెద్దగా అక్కర్లేదు. ఖాతా తెరిచాక "ప్రయోగశాల" అనే సొంత పేజీలో ఎంతైనా రాసి చూసుకోవచ్చు. మొదట ఒక్క వాక్యం, దానికి ఒక్క ఆధారం. పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, పుట సంఖ్య. పుట సంఖ్య లేని ఆధారం సంతకం లేని చెక్కే. పుస్తకంలోని వాక్యాలు ఎత్తి రాయకండి, విషయం తీసుకుని మీ మాటల్లో రాయండి. ఊరికి వెళ్ళినప్పుడు బడి మీది శిలాఫలకం, చెరువు గట్టు మీది రాయి ఫోటో తీసి తేదీతో దాచండి. అటకల మీద బడి వజ్రోత్సవ సంచికలు, గ్రంథాలయం వార్షిక నివేదికలు ఉంటాయి. పాత పేపర్ల వాడికి వేసే ముందు ఒకసారి తిరగేయండి.

ఆ పెద్దాయన రాసిచ్చిన కాగితాల్లో పదిహేడు పేర్లున్నాయి. వచ్చే నెల మళ్ళీ కూర్చుంటున్నాం, ఇంకా కొన్ని గుర్తొచ్చాయట. మీ ఇంట్లోనూ అలాంటి పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే ఒక నోటు పుస్తకం కొని పక్కన కూర్చోండి. నేర్చుకోవాలనుకునేవాళ్ళు శనివారం సెలవున్నప్పుడు నా దగ్గరకు రండి, టీ నేనే ఇప్పిస్తాను.