రోములో పెన్షను లెక్కలు
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనవడు రోములో చదువుకుంటున్నాడు. వాడి పుణ్యమా అని ఆ నగరం చూసి వచ్చాను. మన ఆర్మూరులో రిటైరైన వాళ్ళు కాశీకో రామేశ్వరానికో వెళ్ళివచ్చి నాలుగు మాటలు చెప్పడం ఆనవాయితీ. ఈసారి రోము గురించి చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు.

వీసాకు బ్యాంకు కాగితాలు, పెన్షను కాగితాలు, 30,000 యూరోల బీమా అడుగుతారు. ఏటేటా బతికే ఉన్నామని రుజువు చేసుకునే మనకు ఇదేమంత కష్టం కాదు. పెట్టెలో రెండు కిలోల మన పసుపు పెట్టుకొని బయలుదేరాను.

కొలోసియం గురించి ఎక్కువ చెప్పను. క్రీ.శ. 80లో ప్రారంభమైన ఆ కట్టడాన్ని మీరంతా టీవీలో చూశారు. ఎండలో వరుసలో నిలబడ్డాం, చూశాం, వచ్చాం. జీవితమంతా ఫైళ్ళు మోసిన గుమాస్తా కళ్ళు ఎటు పోతాయో నా కళ్ళూ అటే పోయాయి.

పాత రోము నడిబొడ్డున ఫోరం అనే చోటు ఉంది. సంత, కోర్టు, గుడి, కచేరీ అన్నీ ఒకప్పుడు అక్కడే. ఒక మూల ఎనిమిది స్తంభాలు మిగిలిన గుడి కనబడుతుంది. అది శనిదేవుడి గుడి. ప్రభుత్వ ఖజానా ఉండింది అందులోనే. నేను చేతులు జోడిస్తే మనవడు, "తాతా, ఏం దేవుడని మొక్కుతున్నావు?" అన్నాడు. "ట్రెజరీరా అబ్బాయీ" అన్నాను.

దాని వెనక కాపిటోలు గుట్ట. మన సిద్ధుల గుట్ట ఎక్కిన వాడికి అదొక లెక్క కాదు. దాని వాలులో పెద్ద రాతి కట్టడం ఉంది, టాబులేరియం అంటారు. క్రీ.పూ. 78లో కాటులస్ అనే కాన్సల్ కట్టించాడు. ప్రభుత్వ రికార్డులు దాచిన చోటని చాలాకాలంగా చెబుతున్నారు. కాదని వాదించే పండితులూ ఇప్పుడున్నారు. వాళ్ళ వాదం వాళ్ళది. నాకైతే ఆ మందపు గోడలు, ఆ చీకటి నడవ చూడగానే పాత తహసీలు కచేరీ రికార్డు రూములో పహాణీల బస్తాల వాసన తగిలినట్టే అయింది. ఆ గోడల మీదే కట్టిన భవనంలో ఈనాటికీ రోము నగర మేయరు కార్యాలయం నడుస్తోంది.

మనకు పనికివచ్చే సంగతి నదీతీరాన దొరికింది. అక్కడ శాంతి పీఠం అనే చలువరాతి కట్టడానికి ఒక మ్యూజియం కట్టారు. దాని బయటి గోడ మీద అగస్టస్ చక్రవర్తి తన పనుల గురించి రాసుకున్న పాఠమంతా లాటిన్‌లో చెక్కి ఉంది. మనవడు ఫోనులో అర్థం చూసి చదువుతుంటే విన్నాను. రిటైరైన సైనికుల కోసం వేరే ఖజానా ఏర్పరచి, అందులో తన సొంత సొమ్ము 17 కోట్ల సెస్టర్సులు వేశానని చెప్పుకున్నాడాయన. అది క్రీ.శ. 6వ సంవత్సరం. ఆ నిధి ఎండిపోకుండా వారసత్వపు ఆస్తి మీద 5 శాతం, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్ను కట్టాడు. ధనవంతులు గొణిగారు. వారసత్వపు పన్ను వద్దంటే భూమి మీద వేస్తానని బెదిరించి వాళ్ళ నోళ్ళు మూయించాడు.

లెక్క వేయకుండా ఉండలేకపోయాను. మామూలు సిపాయి జీతం ఏడాదికి 900 సెస్టర్సులు. దిగిపోయేటప్పుడు ఇచ్చేది 12,000. అంటే పదమూడేళ్ళ జీతం పైమాటే! మనకు 33 ఏళ్ళ సర్వీసుకు గ్రాట్యుటీ గరిష్ఠంగా పదహారున్నర నెలల జీతం. అయితే వాళ్ళకు నెలనెలా పెన్షను లేదు, కుటుంబ పెన్షను అసలే లేదు. అది మరవకూడదు.

నియమం బాగుంది, అమలు మాటేమిటి? సర్వీసు 16 ఏళ్ళ నుంచి 20కి పెంచారు. అది పూర్తయినా వదలలేదు, ముప్ఫయ్యేళ్ళు, నలభయ్యేళ్ళు నిలబెట్టారు. వదిలిన వాళ్ళకు బురద నేలనో, గుట్ట రాళ్ళనో పొలమని పేరుపెట్టి ఇచ్చారట. క్రీ.శ. 14లో అగస్టస్ పోగానే సరిహద్దు సైన్యాలు తిరగబడ్డాయి. రైను నది దగ్గర సేనాపతి జర్మానికస్ వచ్చినప్పుడు ముసలి సిపాయిలు ముద్దుపెట్టుకుంటామని ఆయన చేయి అందుకొని, వేళ్ళు తమ నోట్లో పెట్టుకున్నారని టాసిటస్ రాశాడు. పళ్ళు లేని చిగుళ్ళు తడిమి చూడమని! 16 ఏళ్ళకే వదులుతామని అప్పుడు ఒప్పుకున్నారు. మరుసటి ఏడే ఖజానా భరించలేదని ఆ మాట వెనక్కి తీసుకున్నారు. ఈ జవాబు మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

మన దగ్గర 2021లో విరమణ వయసు 58 నుంచి 61 అయింది. మళ్ళీ విరమణలు మొదలయిన 2024 మార్చి నుంచి దిగిన వాళ్ళలో చాలామంది గ్రాట్యుటీ, సెలవు జీతం, కమ్యుటేషను కోసం నెలల తరబడి ఎదురుచూశారు. నాతో పనిచేసిన ఒకాయన కూతురి పెళ్ళికి అప్పు చేశాడు, వడ్డీ కడుతున్నాడు. 1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో పెన్షను దయాభిక్ష కాదని సుప్రీం కోర్టు చెప్పింది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మన పిల్లలకు ఆ పాత పెన్షనే లేదు, వాళ్ళది కంట్రిబ్యూటరీ పథకం.

ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాను. రోము సహాయ దళాల్లో 25 ఏళ్ళు చేసినవాడికి పౌరసత్వమిస్తూ కంచు పలకలు రెండు జోడించి ఇచ్చేవారు. రోములో తగిలించిన అసలు పలకతో సరిచూసి రాసిన నకలు అని అందులో ఉంటుంది. కింద ఏడుగురు సాక్షుల పేర్లు. అంటే అటెస్టెడ్ ట్రూ కాపీ! మన గుమాస్తా వంశం ఎంత పాతదో చూడండి.

బకాయిలు రానివాళ్ళు ఉంటే సర్వీసు రిజిస్టరు నకలు, మంజూరు ఉత్తర్వు తీసుకొని మంగళవారం పదింటికి సంఘం గదికి రండి. అర్జీలు నేను రాసిపెడతాను. కాగితాలు రెండేసి ప్రతులు తెండి, జిరాక్సు మిషను మన గదిలో లేదు.