గూట్లో ఉన్న టెర్రామైసిన్ సీసా గురించి నాలుగు మాటలు

(పాడి రైతులు, గొర్రెల పెంపకందార్ల సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం ఒక మందు గురించి మాట్లాడుకుందాం. దాని అసలు పేరు ఆక్సిటెట్రాసైక్లిన్. మన ఊళ్ళలో టెర్రామైసిన్ అంటేనే తెలుస్తుంది. అది ఒక కంపెనీ పెట్టిన పేరు. ఇప్పుడు ఏ కంపెనీ సీసా కొన్నా ఆ పేరుతోనే అడుగుతున్నాం. బర్రె మేత మానేసినా అదే, గొర్రె కుంటినా అదే, దూడ పారినా అదే. దీని తోబుట్టువు డాక్సీసైక్లిన్ మాత్ర మన ఇళ్ళలో మనుషుల జ్వరానికి వాడతారు. అంటే కొట్టంలోనూ ఇంట్లోనూ మనల్ని కాస్తున్నది ఒకే కుటుంబం మందు. అందుకే దీని మంచీ చెడూ రైతుకు తెలిసి ఉండాలి.

ఇది మట్టిలోంచి పుట్టిన మందు

ఈ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. 1948లో లోకానికి తెలిసింది. దాన్ని మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన శాస్త్రవేత్త డగ్గర్. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన పనిచేసిన పరిశోధన విభాగానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ తర్వాత 1950లో టెర్రామైసిన్ వచ్చింది. అదీ మట్టిలో దొరికిన సూక్ష్మజీవిదే. టెర్రా అంటే లాటిన్ భాషలో నేల. నేలను నమ్ముకున్న మనకు ఈ మందుతో ఈ చుట్టరికం ఉంది.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు

ఇది బ్యాక్టీరియా మీద పనిచేసే మందు. పశువుల్లో గొంతువాపు, గిట్టల కుళ్ళు, ఊపిరితిత్తులకు పట్టే కొన్ని జబ్బులు, పిడుదుల వల్ల వచ్చే అనాప్లాస్మా జ్వరం, పుండ్లు చీము పట్టడం, ఇలాంటి వాటికి డాక్టర్లు దీన్ని రాస్తారు. వేళకు, సరైన మోతాదులో పడితే పశువు లేచి నిలబడుతుంది. ఈ మందు వల్ల నిలిచిన పశువులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

వైరస్ మీద మాత్రం ఇది పనిచేయదు. గాలికుంటు వైరస్ జబ్బు. ముద్ద చర్మ వ్యాధి వైరస్. గొర్రెల్లో నీలి నాలుక, మేకల్లో పీపీఆర్, కోళ్ళలో కొక్కెర తెగులు, అన్నీ వైరస్‌లే. వీటికి టీకాయే కాపు. జబ్బు వచ్చాక పుండ్లకు చీము పట్టకుండా డాక్టరు అవసరం చూసి యాంటీబయోటిక్ ఇవ్వచ్చు. అది వేరే సంగతి. జబ్బును మాత్రం ఈ సూది తగ్గించదు. ఏలికపాముల వల్ల పారే దూడకు కావలసింది నట్టల మందు. ఈనిన బర్రె పాల జ్వరంతో పడిపోతే కావలసింది కాల్షియం. పిడుదుల వల్ల వచ్చే థైలేరియాకు అసలు మందు వేరే ఉంది. జ్వరం ఒకేలా కనబడుతుంది, కారణాలు పది ఉంటాయి. రక్తపు చుక్క గాజు పలక మీద పెట్టి చూస్తేనే తేలుతుంది.

పశువుకు దీని వల్ల వచ్చే ఇబ్బందులు

ఒకటి. నెమరు వేసే పశువు పొట్టలో గడ్డిని అరిగించేది కంటికి కనబడని కోట్ల సూక్ష్మజీవులు. పెద్ద పశువుకు ఈ మందు నోటి ద్వారా పడితే అవీ దెబ్బతింటాయి. మేత తగ్గుతుంది, నెమరు తగ్గుతుంది, పారుడు పట్టచ్చు.

రెండు. కండకు వేసిన చోట వాపు, నొప్పి వస్తాయి. ఎక్కువ రోజులు పనిచేసే రకం సూదిని పెద్ద పశువుకైనా ఒకే చోట 10 మిల్లీలీటర్లకు మించి వేయకూడదని సీసా మీదే ఉంటుంది. ఎక్కువ కావాలంటే రెండు మూడు చోట్ల వేయాలి.

మూడు. ఈ మందు కాల్షియంను పట్టుకుంటుంది. నరానికి గబగబా ఎక్కిస్తే గుండె మీద దెబ్బపడి పశువు అక్కడికక్కడే కూలిపోవచ్చు. నరానికి ఎక్కించే పని డాక్టరుదే. కాల్షియం సీసాలో దీన్ని కలపకూడదు.

నాలుగు. పారి పారి నీరు పోయిన పశువుకు మోతాదు మించితే మూత్రపిండాలు పాడవుతాయి. చూడి పశువులకు, లేత దూడలకు ఎముకలు, పళ్ళ మీద ప్రభావం ఉంటుంది. డాక్టరు చూసి చెప్పాల్సిందే.

పాలలోకి, మాంసంలోకి

సూది వేసిన మందు కొంత పాలలోకి దిగుతుంది. పాలు తోడు పెడితే సరిగా తోడుకోకపోవడం మన ఆడవాళ్ళకు తెలిసిన సంగతే. దానికి వేరే కారణాలూ ఉండచ్చు గానీ పాలలో మందు ఉన్నా తోడులోని మంచి బ్యాక్టీరియా చస్తుంది. కాచితే పోతుందిలే అనుకోవద్దు, కాచినా పూర్తిగా పోదు.

అందుకే మందు వేశాక ఇన్ని రోజులు పాలు వాడకూడదు, ఇన్ని రోజులు కోయకూడదు అని గడువు ఉంటుంది. 2012లో కేంద్రం మందుల నిబంధనల్లో దీన్ని చేర్చింది. సీసా మీద ఆ గడువు ముద్రించాలి. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు ఆగాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. పూటకు 4 లీటర్ల చొప్పున రోజుకు 8 లీటర్లు ఇచ్చే బర్రె అనుకోండి. 7 రోజులకు 56 లీటర్లు. లీటరు 60 రూపాయలైతే 3,360 రూపాయలు. అప్పు తెచ్చి బర్రెను కొన్న రైతు ఆ పాలు పారబోయాలంటే ప్రాణం ఒప్పుతుందా? ఒప్పదు. మరి పోస్తే? ఒక బర్రె పాలు కేంద్రంలో క్యానులో కలిస్తే పది ఇళ్ళ పాలూ చెడినట్టే. పరీక్షలో దొరికితే ఊరి పాలన్నీ వెనక్కి వస్తాయి. కాబట్టి మనకు గిట్టే దారి ఒకటే. అక్కరలేని సూది పడకుండా చూసుకోవడం, అవసరమై పడిన సూదికి గడువు పాటించడం. గడువులో నష్టపోయే పాల డబ్బు ఎవరు భరించాలన్న ప్రశ్న సంఘం వేస్తుంది, అది చివర చెబుతాం.

రొయ్యల రైతులకు ఈ దెబ్బ బాగా తెలుసు. మన దేశం రొయ్యల్లో యాంటీబయోటిక్ అవశేషాల భయంతో 2016లో యూరప్ సమాఖ్య పరీక్షించే సరుకు వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రొయ్య ఎక్కువ పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ కాబట్టి ఆ భారం మన చెరువుల మీదే ఎక్కువ పడింది. వైట్ స్పాట్ కూడా వైరస్సే. దానికి చెరువులో యాంటీబయోటిక్ పోస్తే ఖర్చే తప్ప ఫలితం లేదు.

మనుషుల సంగతి

మనకు డాక్సీసైక్లిన్ చాలా విలువైన మందు. పొలం గట్ల మీద, పొదల్లో చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ముందు వాడేది ఇదే. ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్ల పెచ్చు కనబడితే డాక్టరుకు తప్పక చూపించండి. నీళ్ళు నిలిచిన వరి మళ్ళలో దిగేవారికి వచ్చే ఎలుక జ్వరానికి, పశువుల నుంచి మనకు అంటే బ్రూసెల్లోసిస్‌కు కూడా దీన్ని వాడతారు. బ్రూసెల్లోసిస్‌కైతే ఇంకో మందుతో కలిపి ఆరు వారాలు వాడాలి. రెండు రోజులకు జ్వరం తగ్గిందని మానేస్తే మళ్ళీ తిరగబెడుతుంది.

మరి దీనితో జాగ్రత్తలేమిటి? నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని మింగాలి. మింగిన అరగంట వరకు పడుకోకూడదు. లేకపోతే గొట్టంలో అంటుకుని పుండు పడుతుంది. కడుపులో వికారం, విరేచనాలు రావచ్చు. ఎండలో ఒళ్ళు మామూలు కన్నా ఎక్కువ కమిలిపోతుంది. కూలికి పోయేవారు ఈ మాట గుర్తుంచుకుని నిండు చేతుల చొక్కా, తలపాగా వేసుకోవాలి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, గ్యాస్ మందు దీనితో కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. రెండు మూడు గంటల తేడా ఉండాలి. గర్భిణులకు, 8 ఏళ్ళ లోపు పిల్లలకు మనంతట మనం ఇవ్వకూడదు, పళ్ళు పసుపు రంగుకు తిరుగుతాయి. స్క్రబ్ టైఫస్ లాంటి ప్రాణం మీదికి వచ్చే జ్వరంలో డాక్టరు ఆలోచించి పిల్లలకూ ఇస్తారు, అప్పుడు భయపడవద్దు. గడువు దాటిన పాత టెట్రాసైక్లిన్ మూత్రపిండాలకు చేటు. పశువుల సీసా మనుషులకు ఎప్పుడూ వద్దు.

మందుకు లొంగని జబ్బు

పత్తి రైతులకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. బీటీ విత్తనం వచ్చిన కొత్తలో కాయతొలుచు పురుగు చచ్చింది. కొన్నేళ్ళకు గులాబీ రంగు పురుగు తట్టుకుని నిలబడింది. బ్యాక్టీరియాలోనూ జరిగేది అదే. చాలీచాలని మోతాదు, సగంలో మానేయడం, అక్కరలేని చోట వాడటం, వీటివల్ల బలహీనమైనవి చచ్చి మొండివి మిగులుతాయి. పైగా ఈ మందులో చాలా భాగం పేడలో, మూత్రంలో చావ తగ్గకుండానే బయటికొస్తుంది. పెంటదిబ్బకు, అక్కడి నుంచి చేనుకు, చెరువుకు చేరుతుంది. మొండి సూక్ష్మజీవికి కొట్టం, ఇల్లు అన్న తేడా లేదు.

పంటల మీదా ఇదే కుటుంబం ఉంది. వరిలో ఎండాకు తెగులుకు కొట్టే స్ట్రెప్టోసైక్లిన్ పొడిలో స్ట్రెప్టోమైసిన్‌తో పాటు టెట్రాసైక్లిన్ ఉంటుంది. పంటల్లో ఈ మందులను ఆపాలని 2021 డిసెంబరులో కేంద్రం ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది.

తప్పంతా రైతుదే అన్నట్టు పట్నంలో కూర్చుని మాట్లాడేవారు ఉన్నారు. వాళ్ళకు మన జవాబు ఇది. కోళ్ళు త్వరగా పెరుగుతాయని దాణాలో యాంటీబయోటిక్ కలిపే పద్ధతి మన కొట్టాల్లో పుట్టలేదు. 1950 ప్రాంతంలో అమెరికాలోని మందుల కంపెనీ పరిశోధనలో పుట్టి, వ్యాపారంగా దేశదేశాలకు పాకింది. యూరప్ దాన్ని 2006 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపింది. ఇక రాత్రి పదింటికి బర్రె ఒరిగిపోతే, ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే, తెరిచి ఉన్నది మందుల దుకాణం ఒక్కటే అయితే రైతు ఎక్కడికి పోతాడు? చేతికి అందింది వేస్తాడు. డాక్టరును ఇవ్వకుండా చీటీ అడగడం న్యాయం కాదు.

ఊళ్ళో మనం చేసుకోగలిగినవి

ప్రతి కొట్టంలో ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, ఏ పశువు, ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, పాలు ఎప్పటిదాకా ఆపాలి, ఈ అయిదూ రాయండి. మందు పడిన పశువు మెడకు ఎర్రగుడ్డ కట్టండి, పాలు పితికే మనిషి మారినా తెలుస్తుంది. సూది వేసేవారు డాక్టరైనా గోపాలమిత్ర అయినా మర్యాదగా అడగండి: ఇది ఏ జబ్బుకు, ఎన్ని రోజులు వేయాలి, పాలు ఎన్నాళ్ళు ఆపాలి? రాసిన రోజులు పూర్తిగా వేయించండి. 1962కు ఫోన్ చేసి సంచార వైద్య వాహనాన్ని పిలవండి.

పొదుగు వాపు మొదలైన దశలో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రచారం చేస్తున్న పూత ఉంది. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి నూరాలి. పాలు పూర్తిగా పితికి పొదుగు కడిగి, ఆ ముద్దను కొంచెం కొంచెం నీళ్ళలో కలిపి రోజుకు పది సార్లు, అయిదు రోజులు పూయాలి. జ్వరం ఉన్నా, పాలలో రక్తం, చీము ఉన్నా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

సంఘం అడిగేవి

1. ఖాళీగా ఉన్న పశువైద్యుల పోస్టులన్నీ నింపాలి. ప్రతి మండలంలో రక్తం, పేడ, పాల పరీక్ష జరగాలి.

2. గొంతువాపు టీకా వానలకు ముందే పడాలి. గాలికుంటు, పీపీఆర్ టీకాలు వేళకు రావాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా ప్రతి ఊళ్ళో వేయాలి. టీకా పడిన చోట సూది అవసరం సగం తగ్గినట్టే.

3. పాల కేంద్రాల్లో మందు అవశేషాల పరీక్ష రైతు కళ్ళ ముందు జరగాలి. ఫలితం చీటీ చేతికివ్వాలి. నిజం చెప్పి పాలు ఆపిన రైతుకు ఆ రోజుల డబ్బులో వాటా డెయిరీలు, ప్రభుత్వం భరించాలి.

4. మందు సీసా మీద మోతాదు, పాల గడువు, మాంసం గడువు తెలుగులో, కంటికి ఆనే అక్షరాల్లో ఉండాలి.

5. దాణా బస్తాలో ఏ మందు కలిపారో రాయని కంపెనీల మీద చర్య తీసుకోవాలి.

ఈ అయిదింటి మీద మండల కమిటీలు సంతకాలు సేకరించి వచ్చే నెల సమావేశానికి తేవాలి. మన పశువుకూ మన పిల్లలకూ ఒకే మందు దిక్కయినప్పుడు దాన్ని కాపాడుకోవడం మన పనే. డాక్టరును అడగడం మన హక్కు.