కాటా దగ్గర భక్తి

జూలూరుపాడు చుట్టుపక్కల పత్తి తీతలు మొదలైతే ఆదివారమైనా తెల్లారకముందే కూలీల ఆటోలు కదులుతాయి. మందిరానికి వెళ్లాలా, చేనుకా? తీసిన కిలోలను బట్టి కూలి ముట్టే ఇంట్లో ఇది చిన్న ప్రశ్న కాదు. వెళ్లలేనివాళ్ల భక్తిని తప్పుపట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు.

ఇక్కడికి పడమటనున్న దోర్నకల్‌లో ఈ ఇబ్బంది దగ్గరగా చూసినాయన బిషప్ అజరయ్య. తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ వ్యవసాయ కూలీలు. డబ్బు లేనివాళ్లు పంట పండుగకు ధాన్యం, కోళ్లు కానుకగా తెచ్చేవారు. దేవుని వాటా మిగిలితే ఇచ్చేది కాదు, ముందే తీసిపెట్టేదన్నమాట.

కాలం విషయంలోనూ అంతే. ఆటో ఎక్కేముందు ఇంటిల్లిపాదీ కలిసి చేసే ఐదు నిమిషాల ప్రార్థన ముందే తీసిన వాటాయే. ఆదివారం ఆరాధన సాయంత్రానికి మార్చుకుంటే సంఘానికి పోయేదేమీ లేదు.

ఇక చేను గలవాళ్ల సంగతి. వాళ్లలోనూ విశ్వాసులున్నారు కదా! సరైన తూకపు రాళ్లు వాడమని లేవీయకాండము 19వ అధ్యాయం చెబుతుంది. బీద కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం. సాయంత్రం పత్తి మూట కాటాకెక్కినప్పుడు ఈ రెండూ గుర్తుండాలి. ఆ తర్వాతే రాత్రి కూటంలో పాటలు.